ఇంట్లో చదువుకున్న పిల్ల కాలేజీలో నిలబడగలదా?

ప్రశ్న: మేడమ్‌గారికి నమస్కారం. మాది నెల్లూరు జిల్లా అల్లూరు మండలంలో సముద్రం వైపు ఒక పల్లె. మావారికి నాలుగెకరాల రొయ్యల గుంటలు ఉన్నాయి. నేను బీఎస్సీ, బీఎడ్. కావలిలో ఒక ప్రైవేటు స్కూల్లో నాలుగేళ్ళు చెప్పాను. కరోనా వచ్చినప్పుడు మా పాప రెండో తరగతి. బడులు మూసేశారు కదా అని ఇంట్లో నేనే చెప్పడం మొదలుపెట్టాను. తెరిచాక పంపిస్తే రెండు నెలలు వెళ్ళి, "అమ్మా, ఇంట్లోనే చదువుకుంటానే" అంది. నాకూ అదే బాగుందనిపించింది. ఇప్పుడు పదమూడేళ్ళు. ఎనిమిదో తరగతి పుస్తకాలన్నీ అయిపోయాయి. మా బావగారి పిల్లలిద్దరూ నెల్లూరులో హాస్టల్లో ఉండి చదువుతున్నారు. వాళ్ళు ఊరికి వచ్చినప్పుడల్లా మా అత్తగారు "దీన్ని రేపు ఏ కాలేజీవాళ్ళు చేర్చుకుంటారే?" అని నన్ను నిలదీస్తున్నారు. ఈమధ్య బడి మానేసిన పిల్లల లెక్క అంటూ ఇంటికి వచ్చి పాప పేరు రాసుకుని వెళ్ళారు. పాపకేమో ముత్తుకూరు చేపల కాలేజీలో చదవాలని. నాకు డాక్టర్ని చేయాలని. రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు. నేను నా బిడ్డ భవిష్యత్తు పాడు చేశానా? పాప రాసుకునే గుంట నోటుబుక్కులోంచి కొన్ని పేజీలు జెరాక్స్ తీసి పంపుతున్నాను.
ఒక తల్లి, అల్లూరు మండలం

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరం కంటే ముందు ఆ నోటుబుక్కు పేజీలే చదివాను. మొత్తం పద్నాలుగు పేజీలు. పైన తేదీ, పక్కన టైము, కింద ఉప్పు, పీహెచ్, చెక్‌ట్రేలో మేత మిగిలిందా లేదా, నీళ్ళని కలియబెట్టే ఏరియేటర్లు ఎన్ని గంటలు తిరిగాయి. గీతలు స్కేలు పెట్టి గీసింది. ఒకచోట ఇలా రాసుకుంది: "రాత్రి పెద్ద వాన. నిన్న ఉప్పు 18. ఇవాళ పైన నీళ్ళు తీసి చూస్తే 11, అడుగు నీళ్ళు తీసి చూస్తే 17. రెండూ కలవలేదన్నమాట. అందుకే నాన్న ఏరియేటర్లు ఆపొద్దన్నారు."

నేను ఇరవై తొమ్మిదేళ్ళు ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లోని ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. నాన్న చెప్పిన మాటను విని ఊరుకోకుండా, పైనీళ్ళూ అడుగునీళ్ళూ విడివిడిగా తీసి చూడాలని తోచే పిల్లలు సీనియర్ ఇంటర్‌లో కూడా ఏడాదికి ఇద్దరో ముగ్గురో కనిపించేవాళ్ళు. మంచినీళ్ళు తేలిక, ఉప్పునీళ్ళు బరువు అన్న సంగతి మీ పాప పుస్తకంలో చదివే ఉంటుంది. వాన పడిన మర్నాడు దాన్ని గుంటలోకి దిగి చూసింది. కాబట్టి మీరు అడిగిన ఆఖరి ప్రశ్నకు ముందే జవాబు చెప్తున్నాను. మీరు ఆ బిడ్డ భవిష్యత్తు పాడు చేయలేదు. ఇవాళ రాత్రికి నిద్రపోండి.

కాలేజీలో పిల్లల్ని అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది, ఎవరూ చెప్పకుండా తనంతట తాను కూర్చుని చదవలేకపోవడం. ఇది నాకు నా ఇంట్లోనే తెలిసొచ్చింది. మా పెద్దమ్మాయిని ఇంటర్‌కి హాస్టల్లో వేశాను. తెల్లవారుజామున ఐదింటికి లేపేవాళ్ళు. రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్. ఆదివారం వస్తే వీకెండ్ టెస్టు. నెలకొక ఔటింగ్. మంచి ర్యాంకే వచ్చింది, మంచి ఇంజనీరింగ్ కాలేజీలో సీటూ వచ్చింది. అక్కడ చేరిన మొదటి ఆరు నెలలు ఫోన్ చేసి ఏడ్చేది. "అమ్మా, ఇక్కడ ఏం చదవాలో ఎవరూ చెప్పట్లేదు" అనేది. మొదటి సెమిస్టర్‌లో రెండు సబ్జెక్టులు తప్పింది. తెలివి తక్కువై తప్పలేదు. రెండేళ్ళపాటు ప్రతి గంటకీ ఏ పేజీ తియ్యాలో, ఏ లెక్క చెయ్యాలో పక్కన నిలబడి ఎవరో ఒకరు చెప్తూ వచ్చారు. ఆ గొంతు ఆగిపోయేసరికి తనకి దిక్కు తోచలేదు. రోజూ పిల్లల మధ్యే ఉండే లెక్చరర్నయ్యుండి నేను దాన్ని ముందుగా పసిగట్టలేకపోయాను. ఇప్పటికీ తలుచుకుంటే బాధగానే ఉంటుంది.

మీ పాపకి ఆ ఇబ్బంది రాదు. పొద్దున లేచి తన పని తాను చూసుకునే అలవాటు ఆరేళ్ళ నుంచి ఉంది. ఒక పాఠం అర్థం కాకపోతే బెల్లు కొట్టారని వదిలేసి ఇంకో పీరియడ్‌కి పోవలసిన అవసరం రాలేదు. అర్థమయ్యేదాకా దాని మీదే కూర్చునే తీరిక దొరికింది. ఇంటి చదువులో అసలైన లాభం ఇదేనని నా నమ్మకం. మార్కులు, ర్యాంకులు దీని తర్వాతే.

ఇక లోటు సంగతి. అది కూడా ఆ పేజీల్లోనే ఉంది.

ఏడో పేజీ నుంచి పదో పేజీ వరకు చూడండి. పదకొండు రోజుల పీహెచ్ అంకెలు. పొద్దున ఆరింటికి 8.7, 8.8 అనీ, మధ్యాహ్నం మూడింటికి 7.8, 7.9 అనీ రాసింది. మీరు బీఎస్సీ చదివారు, ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. రాత్రంతా గుంటలోని రొయ్యలు, నాచు, బాక్టీరియా అన్నీ గాలి పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. అది నీళ్ళలో కరిగితే ఆమ్లగుణం పెరిగి పీహెచ్ పడిపోతుంది. తెల్లవారేసరికి అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. ఎండ వచ్చాక నీళ్ళలోని పచ్చని నాచు ఆ కార్బన్ డయాక్సైడ్‌ని వాడుకుంటుంది, మధ్యాహ్నానికి పీహెచ్ పెరుగుతుంది. మీ పాప అంకెలు తిరగబడి ఉన్నాయి. ఒక రోజు పొరపాటున గడులు తారుమారు చేసి, తర్వాత అదే వరసలో రాసుకుంటూ పోయిందని నా అనుమానం. పదకొండు రోజులు అలాగే సాగింది. మీరు ఆ పేజీలు చూసే ఉంటారు, ముచ్చటపడే ఉంటారు, లేకపోతే జెరాక్స్ తీసి నాకు పంపరు కదా. మీ కంటికి అది ఆనలేదు.

మిమ్మల్ని తప్పు పట్టడానికి ఇది చెప్పడం లేదమ్మా. కన్నతల్లి కళ్ళతో చూస్తే ఎవరికైనా ఇంతే. మీ పాప ఆరేళ్ళుగా రాసిన ప్రతి జవాబునీ దిద్దింది మీరొక్కరే. రెండు లైన్లు రాసి ఆపేసినా, ఆ పైది దాని మనసులో ఉందని మీకు తెలుసు, మార్కు వేసేస్తారు. దస్తూరీ మీకు అలవాటు. ఏ ప్రశ్నకి తడబడుతుందో తెలుసు కాబట్టి మీకు తెలియకుండానే ఆ ప్రశ్నని కాస్త తేలిక చేసి అడుగుతారు. రేపు పబ్లిక్ పరీక్షలో ఆ పేపరు మన పాప ముఖం ఎరగని మాస్టారి చేతికి వెళ్తుంది. రోజూ బోలెడన్ని పేపర్లు దిద్దుతూ, అందులో మన పాపదీ ఒకటి దిద్దుతారు. కాగితం మీద ఉన్నదానికే మార్కు. మనసులో ఉన్నదానికి లేదు. నేను ఏళ్ళ తరబడి స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్ళాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను.

అందుకని ఈ నెల నుంచే పాప రాసిన పేపర్లు వేరేవాళ్ళ చేతికి వెళ్ళాలి. ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో జడ్పీ హైస్కూల్లో సైన్సు మాస్టారో లెక్కల టీచరో ఉంటారు. మీరు స్కూల్లో చెప్పినప్పటి స్నేహితురాళ్ళూ ఉంటారు. నెలకి రెండు పేపర్లు వాళ్ళనే తయారు చేయమనండి. గడియారం ఎదురుగా పెట్టుకుని మూడు గంటలు ఏకబిగిన రాయనివ్వండి. మధ్యలో మంచినీళ్ళు ఇవ్వడానికి కూడా మీరు ఆ గదిలోకి వెళ్ళొద్దు. ఎర్ర సిరాతో దిద్ది పంపమనండి. మొదటిసారి మార్కులు తక్కువొస్తే పాప చిన్నబుచ్చుకుంటుంది. చిన్నబుచ్చుకోనివ్వండి. అది పదిహేడో ఏట ముత్తుకూరు హాస్టల్లో ఒంటరిగా ఎదురవడం కంటే, పదమూడో ఏట మీ వంటింటి గుమ్మం దగ్గర ఎదురవడం నయం.

ఇప్పుడు మీ అత్తగారు అడిగిన మాట. ఏ కాలేజీవాళ్ళు చేర్చుకుంటారు అని. ఇది కాగితాల ప్రశ్న. దీనికి దారులున్నాయి, కానీ టైముకి పట్టుకోవాలి.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ళ పిల్లల్ని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల బాధ్యత అని అందులో ఉంది. ఇంటి చదువు గురించి విడిగా ఒక్క మాట లేదు. చేర్పించకపోతే తల్లిదండ్రులకు ఈ శిక్ష అని కూడా లేదు. అందుకే మీ ఇంటికి వచ్చి పేరు రాసుకుని వెళ్ళారు, అంతకు మించి ఏమీ జరగలేదు. వచ్చినవాళ్ళ మీద కోపం పెట్టుకోవద్దు, బడి మానేసి గుంటల్లో కూలికి పోయే పిల్లల్ని వెతకడం వాళ్ళ పని. బడిలో పేరు లేదు కాబట్టి, చదువుకునే పిల్లల తల్లులకి ప్రభుత్వం ఇచ్చే తల్లికి వందనం డబ్బులు మీకు రావు. ఆ సంగతి మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

అదే చట్టంలో మీకు పనికొచ్చే మాట ఇంకోటి ఉంది. మధ్యలో ఆగిపోయిన పిల్లని వయసుకి తగ్గ తరగతిలో చేర్చుకోవాలి, ప్రవేశ పరీక్ష పెట్టకూడదు. అంటే ఈ ఏడాది పాప సరే అంటే వయసుకి తగ్గ తరగతిలో చేరి, అందరితో పాటు రెగ్యులర్ టెన్త్ రాయొచ్చు. ఈ వెసులుబాటు వయసుతో ముడిపడింది, కాబట్టి ఆలోచించుకోవడానికి మీకున్న టైము ఈ ఒక్క సంవత్సరమే.

వద్దంటే ఓపెన్ టెన్త్ ఉంది. మన రాష్ట్రంలో సార్వత్రిక విద్యాపీఠం 1991 నుంచి నడుస్తోంది. నోయిడా నుంచి నడిచే ఎన్ఐఓఎస్ 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్‌గా మొదలైంది. టెన్త్‌కి 14 ఏళ్ళు నిండాలి, ఇంటర్‌కి 15. ఎన్ఐఓఎస్‌లో ఐదు సబ్జెక్టులు రాయాలి, ఏడాదికి రెండుసార్లు పరీక్షలుంటాయి, ఒకసారి చేరితే ఐదేళ్ళ గడువు ఉంటుంది. టెన్త్‌కీ ఇంటర్‌కీ మధ్య రెండేళ్ళ తేడా ఉండాలన్న నియమం ఒకటుంది. పిల్ల చురుకైనదని తొందరపడి పదిహేనేళ్ళకే రెండూ ముగిద్దామనుకునే తల్లిదండ్రులు దీని దగ్గర ఇరుక్కుంటారు. మీరు తొందరపడకండి, ఎలాగూ డాక్టర్ సీటు కోసం నీట్ రాయాలంటే ఆ ఏడాది డిసెంబర్ 31కి 17 ఏళ్ళు నిండాలి.

ఓపెన్‌లో చదివితే డాక్టర్ చదువుకి పనికిరాదని మీకు ఎవరైనా చెప్పి ఉంటే, అది ఒకప్పటి మాట. ఎంబీబీఎస్ నిబంధనల్లో అలాగే ఉండేది. ఢిల్లీ హైకోర్టు 2018లో దాన్ని కొట్టేసింది. 2024లో సుప్రీంకోర్టులో కూడా ఓపెన్ స్కూల్ పిల్లలు నీట్ రాయడానికి దారి తేలిపోయింది. చేపల కాలేజీకి నీట్ అక్కర్లేదు. బీఎఫ్ఎస్సీ నాలుగేళ్ళ కోర్సు, బైపీసీ చదివి మన ఈఏపీసెట్ రాసి చేరాలి. డాక్టరా, చేపల కాలేజీయా అని ఇప్పుడే తల్లీకూతుళ్ళు గొడవ పడవలసిన పని లేదు. రెండిటికీ బైపీసీయే. ఇంకా నాలుగేళ్ళు టైముంది. కాకపోతే ఒక మాట చెప్తాను, మనసులో పెట్టుకోండి. పద్నాలుగు పేజీలు గుంట గురించి రాసుకున్న పిల్ల తన మనసేంటో ఇప్పటికే చెప్పేసింది.

ఎక్కువమంది పట్టించుకోని కాగితం ఇంకొకటుంది. మన రాష్ట్రంలో ఇంజనీరింగ్, వ్యవసాయం లాంటి సీట్లలో 85 శాతం లోకల్ పిల్లలకి. 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచి వస్తున్న పద్ధతి ఇది. నెల్లూరు జిల్లా ఎస్వీ యూనివర్సిటీ ఏరియాలోకి వస్తుంది, పక్కనే ఉన్న ఒంగోలు వైపు ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా. ఇంటర్ పరీక్షకు ముందు వరసగా నాలుగేళ్ళు ఆ ఏరియాలో చదివినట్టు స్టడీ సర్టిఫికెట్లు చూపిస్తేనే లోకల్. బడికే వెళ్ళని పిల్లకి స్టడీ సర్టిఫికెట్ ఎక్కణ్ణుంచి వస్తుంది? దానికీ ఆ ఉత్తర్వుల్లోనే జవాబుంది. ఆ నాలుగేళ్ళలో ఏ విద్యాసంస్థలోనూ చదవని కాలం ఉంటే, అక్కడే నివాసమున్నట్టు చూపించాలి. తహసీల్దార్ ఆఫీసు నుంచి నివాస ధ్రువపత్రం తీసుకోవాలి. మీరు ఊరు వదలలేదు కాబట్టి మీకు ఇది కష్టం కాదు. ఆధార్, రేషన్ కార్డులో అడ్రసు, పుట్టినతేదీ, పేరులో అక్షరాలు అన్నీ ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. కౌన్సెలింగ్ రోజు ఒక్క అక్షరం తేడాతో తండ్రులు కాళ్ళకి బలపం కట్టుకుని తిరగడం నేను కళ్ళారా చూశాను. వ్యవసాయం, చేపల చదువుల్లో రైతు పిల్లలకి కోటా ఉంటుంది, దానికి పల్లెల్లో చదివిన సర్టిఫికెట్లు అడుగుతారు. పాప ఒకటి, రెండు తరగతులు ఊళ్ళో చదివింది కదా, ఆ బడి నుంచి స్టడీ సర్టిఫికెట్ ఈ వారమే తెచ్చి బీరువాలో పెట్టండి. ఇంటర్ కూడా పల్లె ప్రాంతంలోని కాలేజీలో చదివితే ఆ రెండేళ్ళూ దీనికి కలిసొస్తాయి.

కాగితాలు అయ్యాయి. ఇక చేతుల సంగతి.

ఒకసారి ఓపెన్ ఇంటర్ ప్రాక్టికల్స్‌కి నన్ను ఎగ్జామినర్‌గా వేశారు. కొండపి వైపు కుర్రాడు ఒకడు వచ్చాడు. పగలు పొగాకు బ్యారన్ దగ్గర పని, రాత్రి చదువు. వాడికి టైట్రేషన్ పడింది. కింద శంకు కుప్పెలో ఆగ్జాలిక్ ఆమ్లం, పైన బ్యూరెట్‌లో క్షారం, రెండు చుక్కలు ఫినాఫ్తలీన్. లేత గులాబీ రంగు వచ్చి నిలబడిన ఆ ఒక్క చుక్క దగ్గర ఆపాలి. వాడు కుళాయి ఒక్కసారిగా తిప్పేశాడు. కుప్పెలో నీళ్ళు ముదురు గులాబీ అయిపోయాయి. కడుక్కుని మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అంతే. మూడోసారికి చెయ్యి వణుకుతోంది, చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది. వైవాలో అడిగితే సమీకరణం రాశాడు, సూచిక ఎందుకు రంగు మారుతుందో చెప్పాడు, నార్మాలిటీకీ మొలారిటీకీ తేడా కూడా తడుముకోకుండా చెప్పాడు. "అన్నీ తెలుసు కదయ్యా, మరెందుకిలా?" అంటే, "పుస్తకంలో బొమ్మ చూశాను మేడమ్, చేత్తో పట్టుకోవడం ఇదే" అన్నాడు. ఎడమ చేత్తో కుళాయి పట్టుకో, కుడి చేత్తో కుప్పె తిప్పుతూ ఉండు, గులాబీ మెరిసి మాయమవుతుంటే ఇక చుక్కచుక్కగా వదులు అని ఎవరైనా పక్కన నిలబడి నాలుగు శనివారాలు చూపించి ఉంటే ఆ పిల్లవాడికి ఆ అవస్థ ఉండేది కాదు. వాడి ముఖం నేను మర్చిపోలేదు.

మీ పాప చేతులకి కొంత పని అలవాటైంది. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ మీద చుక్క వేసి, మూత పెట్టి, వెలుతురు వైపు తిప్పి గీత దగ్గర అంకె చదవడం పదమూడేళ్ళకే వచ్చింది. అయినా బైపీసీ చదవాలంటే మైక్రోస్కోపు కింద కాండం ముక్క కోసి పెట్టాలి, లవణాల పరీక్షలు చేయాలి, భౌతికశాస్త్రంలో వెర్నియర్ పట్టుకోవాలి. వంటింట్లో ఇవి కుదరవు. మన ఇంటర్ బోర్డులో కాలేజీకి వెళ్ళకుండా ప్రైవేటుగా రాసే వీలు ఆర్ట్స్ గ్రూపులకే ఉంది, సైన్సుకి లేదు. ఓపెన్‌లో సైన్సు తీసుకుంటే, చేరక ముందే ఆ స్టడీ సెంటర్‌కి వెళ్ళి ల్యాబు తలుపు తీయించి మీ కళ్ళతో చూడండి. బల్లల మీద దుమ్ము ఉంటే ఇంకో సెంటర్ చూసుకోండి.

ఇన్ని చెప్పాక నా అభిప్రాయం కూడా చెప్పాలి కదా. టెన్త్ వరకు ఇంట్లో చదివించడానికి నాకేమీ అభ్యంతరం లేదు, పాప ఇష్టం. ఇంటర్ రెండేళ్ళు మాత్రం కాలేజీకి పంపండి. హాస్టల్ వద్దు. పొద్దున బస్సెక్కి సాయంత్రం ఇంటికొచ్చే దూరంలో ప్రభుత్వ జూనియర్ కాలేజీ చూడండి. ఓపెన్ టెన్త్ పాసైనవాళ్ళనీ చేర్చుకుంటారు. ఎన్ఐఓఎస్ అయితే మార్కుల మెమోతో పాటు వచ్చే మైగ్రేషన్ సర్టిఫికెట్ పోగొట్టుకోకండి. ఏదైనా సబ్జెక్టుకి లెక్చరర్ పోస్టు ఖాళీగా ఉందని భయపడతారేమో. మిగతా పిల్లలకి అది పెద్ద దెబ్బే, నేను చూశాను. మీ పాపకి పుస్తకం తీసుకుని తనంతట తాను నడవడం వచ్చు, ఇంట్లో మీరున్నారు. కాలేజీ నుంచి పాపకి కావలసింది ల్యాబు, పరాయి లెక్చరర్లు, ఇంకో అరవైమంది పిల్లలు.

ఆ అరవైమంది గురించి కొంచెం చెప్పాలి. "పాపకి స్నేహితులెవరు?" అని మీ ఉత్తరం మొత్తం వెతికాను. మీరున్నారు, నాన్న ఉన్నారు, నాయనమ్మ ఉన్నారు, పండగకి వచ్చే పెదనాన్న పిల్లలున్నారు. ఈడు పిల్ల ఒక్కతి కూడా కనిపించలేదు. ఇంటి చదువు పిల్లలందరూ ముభావంగా ఉంటారని నేను అనను, అలాంటిదేమీ లేదు. కానీ కాలేజీలో చదువు సగం పక్కవాళ్ళతో నడుస్తుంది. రికార్డు రాసేది బ్యాచ్‌గా, ల్యాబులో ఒక్క బ్యూరెట్‌కి ఇద్దరు, సెమినార్ చెప్పాలంటే అందరి ముందు నిలబడాలి. లెక్చరర్‌కి మన పేరు తెలియదు, అర్థం కాలేదని చెయ్యెత్తి అడగాలి. పక్కన కూర్చున్న అమ్మాయి మనకంటే ముందు లెక్క చేసేస్తే తట్టుకోవాలి. ఇవన్నీ ఇంటి దగ్గర ఉండగానే రెండేళ్ళు అలవాటైతే, డిగ్రీకి హాస్టల్‌కి వెళ్ళినప్పుడు పిల్ల బెంబేలెత్తదు. అప్పటిదాకా ఊళ్ళో నాలుగైదు తరగతుల పిల్లల్ని సాయంత్రం మీ అరుగు మీద కూర్చోబెట్టి పాప చేత లెక్కలు చెప్పించండి. పదిమంది ముందు నోరు విప్పడం దానితో మొదలవుతుంది. ఆడుకునే పిల్లలూ అక్కడే దొరుకుతారు.

మీ అత్తగారి మీద కోపం తెచ్చుకోవద్దు. ఆవిడ మాట కటువుగా వచ్చింది గానీ, మనవరాలి మీద బెంగతోనే వచ్చింది. ఈ ఉత్తరంలో కాగితాల గురించి రాసిన భాగం ఆవిడకి చదివి వినిపించండి. ఒకరోజు ఆవిణ్ణీ పాపనీ వెంటబెట్టుకుని ముత్తుకూరు వెళ్ళి ఆ కాలేజీ చూపించి రండి. గేటు దగ్గర నిలబడి చూసినా చాలు, ఆవిడకి ధైర్యం వస్తుంది.

ఇంకొక మాట, ఇది మీ కోసం. ఆరేళ్ళుగా మీరు ఇంటి పనితో పాటు ఒక బడి నడిపారు. జీతం లేదు, సెలవు లేదు, బాగా చేశావని చెప్పినవాళ్ళూ లేరనిపిస్తోంది. నేను చెప్తున్నాను, బాగా చేశారు. పాప ఇంటర్‌కి బస్సెక్కిన రోజు నుంచి మీ చేతిలో పగలంతా ఉంటుంది. బీఎడ్ ఉంది, అనుభవం ఉంది. డీఎస్సీ గురించి ఇప్పటి నుంచే ఆలోచించండి.

హాస్టల్ గురించి, బడి గురించి, కాలేజీ గురించి పాప ఏమనుకుంటోందో మీ ఉత్తరంలో ఒక్క వాక్యం కూడా లేదు. చిన్నప్పుడు ఇంట్లోనే చదువుకుంటానన్న మాట, ముత్తుకూరు అన్న పేరు తప్ప. అందుకని నాకు తననే ఒక ఉత్తరం రాయమనండి. పీహెచ్ సంగతి మీరు చెప్పొద్దు. ఆ పదకొండు రోజుల అంకెల్లో ఒక తిరకాసు ఉందని మాత్రం చెప్పండి. రేపు పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ గుంట దగ్గరికి వెళ్ళి కొలవమనండి. ఏం కనిపించిందో, ఎందుకలా అయిందనుకుంటోందో తన మాటల్లో రాసి పంపమనండి. నేను ఎర్ర సిరాతో దిద్ది పంపిస్తాను.